నంది నుంచి కైవారం దాకా: ఒక చరిత్ర యాత్ర

బాంకాక్ నగరానికి యాత్రికులుగా వెళ్ళిన వారిని అక్కడి మార్గదర్శి మొదట చావో ఫ్రాయా నది ఒడ్డున ఉన్న రాజప్రాసాదానికి తీసుకొని వెళ్తాడు. మొదటి రామరాజుగా చరిత్రకెక్కిన ప్రభువు 1782లో అక్కడ రాజధానిని నెలకొల్పిన వృత్తాంతం చెబుతాడు. మరకత బుద్ధుని ఆలయం చుట్టుగోడలపై 178 చిత్రాలుగా సాగిన రామకథను చూపిస్తాడు. 46 మీటర్ల పొడవున పవళించిన బుద్ధమూర్తి ఎదుట నిలబెట్టి దాని విశేషాలు వివరిస్తాడు. రెండు దినాలలో ఆ నగర చరిత్రంతా యాత్రికుని మనస్సులో ముద్రపడుతుంది.

ఆ యాత్రికుడు తిరిగి వచ్చి దేవనహళ్ళి విమానాశ్రయంలో దిగి ఉత్తరదిక్కుగా చూస్తే నందికొండ కనిపిస్తుంది. ఆ కొండ పాదాన ఉన్న ఆలయం బాంకాక్ రాజధాని కంటే దాదాపు వెయ్యేండ్లు పెద్దది. అయినా దాని కథను పూసగుచ్చినట్లు చెప్పగల వారు చుట్టుపక్కల పల్లెలలో ఎందరున్నారు? చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి సీమలలో రాజధానులకు కొదవ లేదు. చిన్నవో పెద్దవో కోటలున్నాయి, కోనేళ్ళున్నాయి, శాసనాలున్నాయి. కొదవ ఉన్నది వాటిని చదివి చెప్పేవారికే. ఈ పాఠశాల డెబ్బది అయిదు వసంతాలు పూర్తి చేసుకొన్న ఈ శుభసమయంలో, ఆ సీమలో ఒక్కసారి చరిత్ర యాత్ర చేసి రావడం ఉచితం.

నంది గ్రామం

యాత్రకు మొదటి మజిలీ నంది గ్రామంలోని భోగనందీశ్వరాలయం. క్రీ.శ. 9వ శతాబ్ది ఆరంభం నాటి తామ్రశాసనాలలోనే ఈ శివాలయ ప్రసక్తి ఉన్నది. బాణవంశానికి చెందిన విద్యాధరుని రాణి రత్నావళి దీనిని కట్టించిందని చరిత్రకారులు చెబుతారు. పన్నెండు శతాబ్దాల క్రిందట ఒక స్త్రీ పేరు ఒక మహానిర్మాణంతో ముడిపడి నేటికీ నిలిచి ఉండడం ఈ సీమ ఆడబిడ్డలు గర్వంగా చెప్పుకోదగిన విషయం.

ఒకే ప్రాకారంలో అరుణాచలేశ్వరుడు, భోగనందీశ్వరుడు జంటగా వెలసి ఉన్నారు. రెండు గుడుల నడుమ ఉమామహేశ్వరుల సన్నిధి, దాని ముందు నల్లరాతి స్తంభాల కల్యాణమండపం ఉన్నాయి. అరుణాచలేశ్వరుని బాల్యానికి, భోగనందీశ్వరుని యౌవనానికి, కొండపైన ఉన్న యోగనందీశ్వరుని వైరాగ్యానికి సంకేతాలుగా భక్తులు భావిస్తారు. అందుకే కొండపై ఆలయంలో ఉత్సవాల సందడి ఉండదు. మనిషి జీవితంలోని మూడు దశలను ఒక కొండ పాదం నుంచి శిఖరం వరకు పరచి చూపిన కల్పన ఇది.

బాణులు ప్రారంభించిన ఈ ఆలయాన్ని గంగులు, నొళంబులు, చోళులు, హొయ్సళులు, విజయనగర ప్రభువులు ఒకరి తరువాత ఒకరు పెంచుతూ వచ్చారు. ఎవరూ ముందువారి పనిని పడగొట్టలేదు, దానికి తమ వంతు జతచేశారు. ఆలయంలోని ఒక శిల్పాన్ని రాజేంద్రచోళునిదిగా భావిస్తారు. ఆ రాజేంద్రుడే 1025 ప్రాంతంలో నౌకాదళాన్ని సముద్రం దాటించి ఆగ్నేయాసియాలోని శ్రీవిజయ రాజ్యంపై, కడారంపై దండెత్తినవాడు. బాంకాక్‌లో రామకథను చూసి ఆశ్చర్యపోయే యాత్రికునికి, ఆ దేశాల దారి తెలిసిన రాజు ఒకడు నంది గుడిలో శిలారూపంలో ఉన్నాడని చెప్పేవారు కావాలి.

ఇక్కడే మరొక సంగతి గమనించాలి. ఈ ప్రాంతపు శాసనాలు సంస్కృతంలో, కన్నడంలో, తమిళంలో, తెలుగులో ఉన్నాయి. రాజులు మారినప్పుడల్లా శాసనభాష మారింది. ఊరు మాత్రం అదే, చెరువు మాత్రం అదే, దీపానికి నూనె ఇచ్చే రైతు వంశమూ తరచుగా అదే.

నందికొండ

4,851 అడుగుల ఎత్తున ఉన్న నందికొండ కోటను హైదరాలీ, టిప్పు సుల్తాను పటిష్ఠం చేశారు. మూడవ మైసూరు యుద్ధంలో కారన్‌వాలీసు సేనలు 1791 అక్టోబరు 19న దీనిని వశపరచుకొన్నాయి. తరువాత మైసూరు కమిషనరుగా 1834 నుంచి 1861 వరకు పని చేసిన మార్క్ కబ్బన్ ఇక్కడ విడిది ఏర్పరచుకొన్నాడు. 1927 వేసవిలో అస్వస్థుడైన గాంధీజీ విశ్రాంతి కోసం కొన్ని వారాలు ఈ కొండమీద గడిపారు. 1936లో మరల వచ్చారు. 1986 నవంబరులో బెంగుళూరులో సార్క్ శిఖరాగ్ర సమావేశం జరిగినప్పుడు దక్షిణాసియా దేశాధినేతలు ఈ శిఖరం మీద సమావేశమయ్యారు.

ఇన్ని సంగతులను మించిన విశేషం ఒకటి ఉన్నది. ఈ కొండల వరుస నదులకు పుట్టినిల్లు. ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, పాలారు, అర్కావతి, చిత్రావతి, పాపఘ్ని ఈ కొండల్లోను, వాటి పరిసరాల్లోను పుట్టి తలా ఒక దిక్కుకు పయనిస్తాయి. దక్షిణ పినాకిని, పాలారు తమిళదేశానికి వెళ్తాయి. అర్కావతి కావేరిలో కలుస్తుంది. ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపఘ్ని తెలుగునాట ప్రవేశిస్తాయి. ఉత్తర పినాకినినే తెలుగువారు పెన్న అంటారు. చిత్రావతి, పాపఘ్ని రెండూ చివరకు దానిలోనే కలుస్తాయి.

లభించిన తెలుగు శాసనాలలో తొలినాటిదిగా పేరొందిన కలమళ్ళ శాసనం ఆ పెన్న పరీవాహకంలోదే. కడప జిల్లాలో రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు సుమారు 575లో దానిని వేయించాడు. నందికొండపై కురిసిన చినుకు కొంతదూరం ప్రవహించేసరికి, తెలుగు అక్షరం రాతికెక్కిన చోటికి చేరుతుంది. ఈ సీమలో తెలుగు ఎందుకున్నదని అడిగే పసివానికి ఇంతకంటే సులభమైన సమాధానం లేదు. నదికి సరిహద్దులు తెలియవు. నది వెంట నడిచే మనిషికీ చాలాకాలం తెలియలేదు.

ముద్దేనహళ్ళి, చిక్కబళ్ళాపురం

కొండ దిగి చిక్కబళ్ళాపురం వైపు వస్తే దారిలో ముద్దేనహళ్ళి తగులుతుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య జన్మించిన ఇల్లు, ఆయన సమాధి ఇక్కడే ఉన్నాయి. ఆయన ఇంటిపేరైన మోక్షగుండం నేటి ఆంధ్రప్రదేశ్‌లోని ప్రకాశం సీమలో ఒక గ్రామం. పూర్వులు అక్కడి నుంచి వలస వచ్చినా ఊరిపేరును ఇంటిపేరుగా నిలుపుకొన్నారు. చిక్కబళ్ళాపురంలో చదువు మొదలుపెట్టిన ఆ బాలుడు 1912 నుంచి 1918 వరకు మైసూరు దివానుగా పని చేశాడు. 1908 మూసీ వరదల తరువాత హైదరాబాదు నగరాన్ని ముంపు నుంచి కాపాడే ప్రణాళికను రచించాడు. 1955లో భారతరత్న పురస్కారం అందుకొన్నాడు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను దేశం ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటున్నది. ఆయన ఎవరివాడని కన్నడిగులు, తెలుగువారు వాదించుకోనవసరం లేదు. కృష్ణరాజసాగర జలాలు తాగినవారు, ఉస్మాన్ సాగర్ జలాలు తాగినవారు ఆయనను సమానంగా తలచుకొంటారు.

చిక్కబళ్ళాపురం పేరులో ‘చిక్క’ అన్నది కన్నడపదం, చిన్న అని అర్థం. ఈ పట్టణాన్ని 15వ శతాబ్దిలో ఆవతి ప్రభువుల వంశీయులు నెలకొల్పారు. వారి గురించి ఒక ఐతిహ్యం ఉన్నది. కంచి సమీపం నుంచి ఒక కుటుంబం, ఇంటి ఆడపిల్ల దొడ్డమ్మ మానం కాపాడుకోవడానికి రాత్రికి రాత్రి బండ్లు కట్టుకొని బయలుదేరింది. దారిలో పాలారు పొంగి అడ్డం వచ్చింది. ఆ పిల్ల గంగమ్మను వేడుకొనగా నీరు విడివడి దారి ఇచ్చింది. వారు వచ్చి నందికొండకు తూర్పున ఒక కొండ పాదాన విడిది చేశారు. వారు మొరసు ఒక్కలిగలు. ఆ సమాజంలో నేటికీ తెలుగు మాట్లాడే కుటుంబాలు అనేకం ఉన్నాయి. బెంగుళూరు నిర్మాతగా పేరుగాంచిన కెంపేగౌడ వంశానికీ మూలపురుషులు వీరే. ఆ కెంపేగౌడ పేరిట ‘గంగాగౌరీ విలాసం’ అనే యక్షగానం ప్రసిద్ధం. అది తెలుగు రచన. కన్నడ రాజధానికి పునాది వేసిన ప్రభువు పేర తెలుగు యక్షగానం నిలవడం ఆనాటివారికి వింతగా తోచి ఉండదు. వింతగా తోచడం ఈనాటి అలవాటు.

గుడిబండ

చిక్కబళ్ళాపురం నుంచి బాగేపల్లి వెళ్ళే దారిలో రహదారిని కొంచెం విడిచి పడమరకు తిరిగితే గుడిబండ వస్తుంది. ఇక్కడి ఏకశిలా పర్వతంపై పాళెగాడు బైరేగౌడ కట్టించిన కోట అంచెలంచెలుగా పైకి సాగుతుంది. శిఖరాన శివాలయం ఉన్నది.

ఈ కోట గోడలకంటే నీటి ఏర్పాటు గొప్పది. బండ మీద పడిన వాన చుక్కను వృథా పోనీయక పట్టి నిలిపే దొనెలు పంతొమ్మిది ఉన్నాయని చెబుతారు. పై దొన నిండితే నీరు క్రింది దొనకు దిగుతుంది. కొండ క్రింద బైరసాగరం చెరువు ఉన్నది. జీవనది ఒక్కటైనా లేని ఈ సీమలో రాజు గొప్పతనాన్ని ప్రజలు కత్తితో కాక చెరువుతో కొలిచారు. నదులన్నీ ఇక్కడ పుట్టి బయటికి పోయేవే కాబట్టి, పోయే నీటిని కాసేపు ఆపుకొనే నేర్పే ఈ నేలకు ప్రాణం. వాన నీటిని నిలుపుకోవాలన్న పాఠం నేటి పిల్లలకు పుస్తకంలో ఉన్నది. గుడిబండలో అది శతాబ్దాలుగా కళ్ళెదుట ఉన్నది.

బాగేపల్లి

శ్రీనగరం నుంచి కన్యాకుమారి వరకు సాగే 44వ జాతీయ రహదారిలో, ఉత్తరాభిముఖంగా పోయేవారికి కర్ణాటకలో చివరి పట్టణం బాగేపల్లి. పట్టణ సమీపాన చిత్రావతి ప్రవహిస్తుంది. ఇక్కడి నుంచి ఆ నది పుట్టపర్తి మీదుగా పెన్న వైపు సాగిపోతుంది. సమీపంలోని గడిదం వేంకటరమణస్వామి ఆలయాన్ని జనమేజయుడు ప్రతిష్ఠించాడని స్థలపురాణం.

బాగేపల్లి సీమ చరిత్రను పెనుగొండను తలవక చెప్పలేము. 1565 తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగరం పాడుపడగా ఆరవీటి ప్రభువులు పెనుగొండను రాజధానిగా చేసుకొన్నారు. పెనుగొండ బాగేపల్లికి ఉత్తరాన, దూరం కాని దూరంలో ఉన్నది. పెద్ద రాజధాని బలహీనపడిన కొద్దీ కొండకొక పాళెగాడు, కోనకొక కోట వెలిశాయి. గుమ్మనాయకుని పాళ్యం అటువంటి రాజధానే. ‘పాళ్యం’ అంటే సేనలు విడిసిన చోటు. గుమ్మనాయకుని పేరు మోస్తున్న ఆ పల్లెను ఆనుకొని కొండ మీద కోటగోడలు నేటికీ ఉన్నాయి. బాంకాక్ ప్రాసాదం వలె అక్కడ బంగారు పూత లేదు, ప్రవేశ రుసుము లేదు, కథ చెప్పే మార్గదర్శి అంతకంటే లేడు. ముళ్ళపొదలున్నాయి, మేకలు మేపే పిల్లలున్నారు.

ఊరి పేర్లు కూడా శాసనాల వంటివే. గూళూరు, చేళూరు, మిట్టెమరి, పాతపాళ్యం, చాకవేలు అనే పేర్లను వరుసగా పలికితే చాలు, ఇక్కడ ఏ భాషలవారు కలిసి కాపురం చేశారో తెలిసిపోతుంది. 2025 జూలై 2న నందికొండపై సమావేశమైన కర్ణాటక మంత్రివర్గం బాగేపల్లికి ‘భాగ్యనగర’ అని పేరు మార్చడానికి ఆమోదం తెలిపింది. భాగ్యనగరమంటే తెలుగువారికి ముందుగా హైదరాబాదు స్ఫురిస్తుంది. పేర్లు మార్చడం ప్రభుత్వాల అధికారం. మారిన పేరు క్రింద పాత పేరు ఏమిటో, అది ఎందుకు వచ్చిందో పిల్లలకు చెప్పడం పెద్దల బాధ్యత. పేరు పోయినా కథ మిగిలితే నష్టం సగమే. కథ కూడా పోతే నష్టం పూర్తి.

చింతామణి, కైవారం

యాత్రకు తుది మజిలీ చింతామణి తాలూకా. ఈ పట్టణానికి చింతామణిరావు అనే మరాఠా నాయకుని వలన ఆ పేరు వచ్చింది. కన్నడ, తెలుగు పలుకుల నడుమ ఒక మరాఠా పేరు స్థిరపడి పోయింది. సమీపంలో అంబాజీదుర్గం, రహమాన్‌గఢ్ అనే కొండకోటలు ఎదురెదురుగా నిలిచి ఉన్నాయి. మురుగమల్లలో దర్గా ఉన్నది, శివాలయమూ ఉన్నది. అక్కడికి అన్ని మతాలవారూ వెళ్తారు.

కైవారం పురాణప్రసిద్ధమైన ఏకచక్రపురమని, భీముడు బకాసురుని సంహరించిన చోటని స్థానికుల విశ్వాసం. భీముడు ప్రతిష్ఠించాడని చెప్పే భీమలింగేశ్వరాలయం, ప్రాచీనమైన అమరనారాయణాలయం ఇక్కడ ఉన్నాయి. అయితే కైవారానికి వచ్చే జనం ఎక్కువగా తలచేది తాతయ్యను.

యోగి నారేయణ యతీంద్రులుగా పేరొందిన నారాయణప్ప 1726లో జన్మించి 1836లో సమాధి పొందారని సంప్రదాయం చెబుతుంది. బలిజ కులంలో పుట్టి గాజుల మలారం భుజాన వేసుకొని ఊరూరా తిరిగిన సామాన్య గృహస్థు ఆయన. పరదేశి స్వామి అనే గురువు నోటిలో ఉంచిన గులకరాయి కలకండగా మారిందని, అప్పటి నుంచి ఆయన దృష్టి అంతర్ముఖమైందని కథ. ఆయన తెలుగులోను, కన్నడంలోను కీర్తనలు చెప్పారు. తెలుగులో కాలజ్ఞానం చెప్పారు, అమరనారేయణుని పేర శతకం రచించారు. హైదరాలీ, టిప్పు సుల్తానుల పాలన, తరువాత కుంఫిణీ ఆధిక్యం, అన్నీ ఆయన జీవితకాలంలోనే జరిగాయి. కోటలు ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారుతుండగా ఆయన కీర్తన మాత్రం భజన మేళాలలో పదిలంగా నిలిచింది.

కన్నడిగులు కూడా ఆయనను ‘కైవార తాతయ్య’ అనే పిలుస్తారు. తాతయ్య అన్న పిలుపు తెలుగుదని ఎవరూ దానిని మార్చలేదు. ఇంకొక సంగతి ఉన్నది. ఈ సీమలో ఆయన తెలుగు కీర్తనలను ఎందరో కన్నడ లిపిలో చదువుకొని పాడతారు. మాట తెలుగు, అక్షరం కన్నడం. భక్తికి అందువల్ల లోపమేమీ లేదు. కాని ఆ పాడేవారిలో అనేకులకు తమ తల్లిభాషను తన అక్షరాలలో చదవడం రాదన్నది కూడా నిజం. ఇంట తెలుగు మాట్లాడుతూ, బడిలో కన్నడమో ఇంగ్లీషో చదువుతూ, తెలుగు అక్షరం ఎదురైతే ఆగిపోయే తరం పెరుగుతున్నది. ఈ యాత్రలో కనిపించిన శిథిలాలన్నిటి కంటే చింతించదగినది ఇదే.

మార్గదర్శులు ఎవరు?

నూరేండ్లకు పూర్వం ఈ సీమకు ఒక గొప్ప మార్గదర్శి లభించాడు. ఆయన పేరు బి. ఎల్. రైస్. 1837లో బెంగుళూరులోనే పుట్టి, మైసూరు విద్యాశాఖలో ఉపాధ్యాయ వృత్తితో జీవితం ప్రారంభించినవాడు. ఉద్యోగరీత్యా పల్లెలు తిరుగుతూ రాళ్ళమీది అక్షరాల వైపు ఆకర్షితుడై, శాసనాలను సేకరించి సంపుటాలుగా ప్రకటించాడు. వాటిలో పదవ సంపుటం కోలారు జిల్లాది. 1905లో వెలువడింది. 2007లో చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడక ముందు ఈ తాలూకాలన్నీ కోలారులోనివే కాబట్టి, ఇక్కడి శాసనాలు ఆ సంపుటంలోనే ఉన్నాయి. కన్నడ, తమిళ శాసనాల సరసన తెలుగు శాసనాలు కూడా అందులో చోటుచేసుకొన్నాయి.

శాసనాన్ని ఎత్తి రాసుకొనే విధానం కఠినమైనదేమీ కాదు. రాతిని శుభ్రంగా కడిగి, తడిపిన కాగితం పరచి, అక్షరాల పల్లాలలోనికి కాగితం దిగేటట్లు కుంచెతో మెల్లగా కొట్టి, పైన సిరా అద్దుతారు. పల్లంలోని అక్షరం తెల్లగా, మిగిలినదంతా నల్లగా అచ్చు పడుతుంది. నిపుణుల పర్యవేక్షణలో ఉన్నత పాఠశాల విద్యార్థులు సైతం నేర్వదగిన పని ఇది. ఇక చదవడం సంగతి. ప్రాచీన కాలంలో తెలుగుకు, కన్నడానికి లిపి ఒక్కటే. కొన్ని శతాబ్దాల క్రిందటనే అవి రెండు పాయలుగా విడివడ్డాయి, ఒకే కొండలో పుట్టిన రెండు నదుల వలె. రెండు లిపులు తెలిసిన బాలునికి ఆ పాత లిపి సగం పరిచితమే. ఒక్క లిపి మాత్రమే తెలిసినవానికి ఈ సీమ చరిత్రలో ఒక భాగం ఎల్లప్పుడూ మూతపడి ఉంటుంది.

కన్నడదేశంలో తెలుగు బడి ఎందుకని అడిగేవారికి ఇదే సమాధానం. ఇక్కడి తెలుగు కన్నడానికి పోటీ కాదు. చరిత్ర ఈ నేలకు రెండు తాళాలు వేసింది, రెండు తాళపు చెవులు ఇచ్చింది. వాటిలో ఒకదానిని పారవేసుకొనే హక్కు ఈ తరానికి లేదు. తెలుగు బడిలో కన్నడం కూడా చక్కగా నేర్చిన పిల్లవాడే ఈ సీమకు సంపూర్ణుడైన మార్గదర్శి కాగలడు.

పల్లెలలో వీరగల్లులు చెట్ల క్రింద ఒరిగి ఉన్నాయి. క్రింది వరుసలో యుద్ధం, నడుమ వరుసలో వీరుని కొనిపోయే అప్సరసలు, పై వరుసలో కైలాసం, ఇదీ వాటి పొందిక. పొలం గట్టుకో, బట్టలు ఉతికే బండకో, ఇంటి పునాదికో ఒక్కొక్కటిగా అవి మాయమైతే తరువాత ఏ పండితుడూ తిరిగి తేలేడు. తల్లిదండ్రులు సెలవు దినాన పిల్లలను గుమ్మనాయకుని పాళ్యం కొండకో, నంది గుడికో తీసుకొని వెళ్ళవచ్చు. ఉపాధ్యాయులు ప్రతి తరగతికి ఒక ఊరి పేరునూ ఒక రాతినీ అప్పగించి, వాటి కథను తాతలను, అవ్వలను అడిగి రాసుకొని రమ్మనవచ్చు. దేశవిదేశాలలో స్థిరపడిన పూర్వవిద్యార్థులు ఆ రాతలను రెండు భాషలలో అచ్చు వేయించవచ్చు.

నందికొండపై వానలు కురిసిన ఏడు చిత్రావతి నిండుగా ప్రవహిస్తుంది. వానలు లేని ఏడు ఇసుక మాత్రమే మిగులుతుంది. ఆ ఇసుకలో చెలమ తవ్వి నీరు తోడుకోవడం ఈ సీమవారికి పెద్దలు నేర్పిన విద్య. తెలుగు అక్షరం కూడా ఇక్కడ అటువంటి చెలమలోని నీరే. డెబ్బది అయిదేండ్లుగా ఈ పాఠశాల ఆ చెలమను పూడిపోనీయలేదు. ఇకముందు తోడుకొనే చేతులు ఈ బడి పిల్లలవి.